రగ్డ్ లాప్‌టాప్ (కింద పడ్డా, తడిసినా తట్టుకునే గట్టి రకం) రోజూ మోసేవాళ్ళు ఉన్నారా? దాంతో వేగగలమా?

సైట్‌డ్యూటీ: నాకు సగం పని ఆఫీసులో, సగం సైట్లలో. రెండేళ్ళలో రెండు పల్చటి లాప్‌టాప్‌లు పోయాయి, ఒకదానికి హింజ్ విరిగింది, ఇంకోటి బ్యాగులో నొక్కుకుని స్క్రీన్ పగిలింది. సెకండ్ హ్యాండ్‌లో పానసోనిక్ వాళ్ళ రగ్డ్ లాప్‌టాప్ టఫ్‌బుక్ చూస్తున్నా, వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

లెవెల్‌మిషన్: నాలుగేళ్ళుగా ఫుల్లీ రగ్డ్ వాడుతున్నా బ్రదర్. ముందు బరువు సంగతి తేల్చుకో, ఛార్జర్‌తో కలిపి మూడు కిలోల పైమాటే, మొదటి వారం భుజం లాగేసింది, నడుం బెల్టున్న బ్యాగు కొన్నాకే సర్దుకుంది. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి డ్రాయింగ్ తెరిస్తే చూడాలి! మామూలు వాటిలో స్క్రీన్ వెలుగు 250, 300 నిట్స్ ఉంటే నాదాంట్లో 1000, సన్న గీతలు కూడా కనిపిస్తాయి. అంత వెలుగులో బ్యాటరీ గబగబా దిగిపోతుంది కాబట్టి ఆపకుండానే బ్యాటరీ మార్చుకునే మోడల్ అయితేనే తీసుకో.

స్పెక్‌షీట్: మిల్ స్టాండర్డ్ 810 (అమెరికా సైన్యం పెట్టిన టెస్టుల ప్రమాణం) అని స్టిక్కర్ ఉందని కొనేయకండి. అది ఒక్క టెస్టు కాదు, బోలెడు టెస్టులు, వాటిలో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. దాని జీ వెర్షన్ 810జీలో డ్రాప్ టెస్టే తీసుకోండి, 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు, మొత్తం 26 సార్లు పడేస్తారు, అదీ కాంక్రీటు మీద 2 అంగుళాల ప్లైవుడ్ వేసి, పైగా ఆ 26నీ ఐదు మిషన్ల దాకా పంచొచ్చు. అందుకే ఏ టెస్టులు చేశారో అడగండి, ఐపీ నంబరూ చూడండి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్ళకి. 53 అయితే చినుకులకి ఆగుతుంది, 65 అయితే పైపుతో నీళ్ళు కొట్టినా ఆగుతుంది.

వానలోపని: నాది 65 ఏ అండి, అయినా నీళ్ళు పోయాయి. మౌస్ రిసీవర్ పెట్టి ఆ పోర్టు మూత తెరిచే వదిలేశా, వాన పడింది, ఆ పోర్టు చచ్చింది. రిపేరుకిస్తే ఆయన పక్క మూత తీసి చూపించాడు, రబ్బరు అంచులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుని సొట్ట పడిపోయి ఉంది, అక్కణ్ణుంచి కూడా తడి లోపలికి దిగింది. మూతలన్నీ వేస్తేనే ఆ నంబరు, లేకపోతే లేదు. ఇప్పుడు ప్రతి వారం తడిగుడ్డతో అంచులు తుడుస్తున్నా. సెకండ్ హ్యాండ్ అంటున్నారు కదా, ఆ రబ్బర్లు గోటితో నొక్కి చూడండి, గట్టిపడి పగిలుంటే దండగ.

బ్యాగుసర్దు: విమానాల్లో తిరిగేవాళ్ళకో మాట, విడి బ్యాటరీ చెక్ ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి బ్యాగులోనే. బ్యాటరీ మీద 100 వాట్ అవర్స్ దాటిందేమో చూడండి, దాటితే ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి. నాకైతే ఎక్కువ ఆఫీసే కాబట్టి సెమీ రగ్డ్‌కి (ఫుల్లీ రగ్డ్ కన్నా తేలికైన, కాస్త తక్కువ గట్టి రకం) మారిపోయా, వీపు తేలికైంది.

సైట్‌డ్యూటీ: థాంక్స్ అందరికీ. ఇవాళ వెళ్ళి చూశా, బాడీ బాగుంది, ఛార్జింగ్ పోర్టు మూత రబ్బరు మాత్రం నొక్కితే పొడి రాలింది. మూత ఒక్కటే విడిగా మార్పించినవాళ్ళు ఉన్నారా? దొరుకుతుందంటే రేపే తీసుకుంటా.