కారు వెనుక ఉన్నది రెక్కా, ఎలెరానా?

ప్రశ్న:
నమస్కారం. ఫార్ములా వన్ కార్ల నిర్మాణం గురించిన ఒక ఫ్రెంచి వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. కారు వెనుక అడ్డంగా నిలబెట్టే భాగాన్ని అందులో ‘ఎలెరాన్ ఆరియేర్’ అన్నారు. విమాన పదకోశంలో చూస్తే, ఎలెరాన్ అంటే విమానాన్ని పక్కకు ఒరిగించడానికి రెక్క చివర కదిలే పలక అని ఉంది. కారుకు అలాంటి అవసరమే లేదు కదా, మరి ఏ మాట వాడాలి? అలాగే మోనోకాక్‌కు, అంటే పై పెంకే భారం మోసే నిర్మాణానికి, ‘ఏకకవచం’ అని రాశాను, అది సరిపోతుందా?

జవాబు 1:
‘వెనుక రెక్క’ అని రాయండి. ఫ్రెంచిలో ‘ఎల్’ అంటే రెక్క, ‘ఎలెరాన్’ చిన్న రెక్క. ఆ ఒక్క మాటే విమానంలో పలకకూ, పందెపు కారులో రెక్కకూ స్థిరపడింది. ఇటాలియన్ ‘అలెట్టోనే’ కూడా అంతే. ఇంగ్లీషువారు మాత్రం విమానానికి ఫ్రెంచి మాట తీసుకుని, కారుకు తమ ‘వింగ్’నే ఉంచుకున్నారు. కారు రెక్క విమానపు రెక్కను బోర్లించినట్టు ఉండి, బండిని పైకి లేపకుండా నేలకు అదుముతుందని ఒక వాక్యం చేర్చండి. దాన్ని స్పాయిలర్ అని మాత్రం రాయవద్దు: స్పాయిలర్ బాడీని అంటిపెట్టుకుని ఉంటుంది, రెక్కకు పైనా కిందా గాలి పారుతుంది.

జవాబు 2:
‘ఏకకవచం’తో నాకు పేచీ ఉంది. కవచం అన్నాక లోపల దాన్ని తొడుక్కున్న శరీరం ఒకటి ఉండాలి. మోనోకాక్‌లో భారం మోసేది పెంకే. ఫ్రెంచి ‘కోక్’కు గుడ్డు పెంకు అనే అర్థమూ ఉంది. 1912 నాటి డెపెర్‌డ్యూసిన్ పందెపు విమానానికి మోనోకాక్ అనే పేరే పెట్టారు. ఆ పద్ధతి 1962లో లోటస్ 25 కారుతో ఫార్ములా వన్‌కు వచ్చింది, 1981లో మెక్‌లారెన్ ఎంపీ4/1 దాన్ని కార్బన్ ఫైబర్‌తో కట్టింది. మోనోకాక్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘పెంకే అస్థిపంజరమైన నిర్మాణం’ అని వివరిస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కవచం తీసేశాను. ముందు రెక్క, వెనుక రెక్క అని మార్చాను. విమానాలతో పోల్చిన ఒకే ఒక్క పేరాలో ఎలెరాన్‌ను అలాగే ఉంచాను.