అప్‌డేట్: పొట్ట కదలికల ప్రాజెక్టులో రీడింగు నిలబడింది

నీళ్ల బెలూన్‌ను పొట్ట అనుకుని, లోపలి బుల్లి అయస్కాంతం కదలికను హాల్ సెన్సార్‌తో (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) పట్టబోతే రీడింగు నిలవట్లేదని అడిగాను కదా. రెండో సెన్సార్ దూరంగా పెట్టి, దాని విలువను మొదటిదాని విలువలోంచి తీసేయమన్న సార్‌కి దండాలు! భూమి అయస్కాంత క్షేత్రం, ఎవరైనా ఇనుప కుర్చీ జరిపితే వచ్చే తేడా రెండింటి మీదా దాదాపు ఒకేలా పడతాయి, తీసివేతలో పోయాయి. మోటారుతో నిమిషానికి 3 సార్లు నొక్కించాను, మన కడుపు లయ అదే. తెరమీద ఆ 3 అలలు కనబడగానే కళ్లు చెమర్చాయి.

అయస్కాంతానికీ సెన్సార్‌కీ మధ్య దూరమే ఇంకా ఇబ్బంది: అది రెట్టింపైతే సిగ్నల్ 8వ వంతే.

అయస్కాంతాన్ని మింగి చూస్తావా అన్నవారికి: అస్సలు వద్దు. రెండు అయస్కాంతాలు లోపలికెళ్తే పేగు గోడలు మధ్యలో నలిగి చిల్లు పడొచ్చు. నేను బెలూన్‌తోనే, ఈసారి 4 సెన్సార్లతో.