హేస్టింగ్స్ తర్వాత వందేళ్లకే నార్మన్ దొరలు ఇంగ్లీషువాళ్లు ఎలా అయిపోయారు?

సందేహాల సంచి:
ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలుచుకున్న 1066 గురించి ఏది చదివినా హేస్టింగ్స్ యుద్ధం దగ్గరే ఆగిపోతోంది. ఇంగ్లీషు రాజు హెరాల్డ్ పడిపోయాడు, ఆ క్రిస్మస్‌కే విలియం వెస్ట్‌మినిస్టర్‌లో కిరీటం పెట్టుకున్నాడు, అక్కడితో సరి. నాకు కావాల్సింది ఆ తర్వాతి సంగతి.

1086లో విలియం చేయించిన భూముల లెక్క, అదే డూమ్స్‌డే సర్వే, జరిగేనాటికి రాజు నుంచి నేరుగా పెద్ద ఎత్తున భూములు పొందిన ఇంగ్లీషువాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఎవరిని అడిగినా ఆర్డెన్ థర్కిల్, లింకన్ కోల్స్‌వెయిన్ అని రెండు పేర్లే చెబుతారు. అంతగా ఊడ్చిపెట్టాక కూడా, 1170ల చివర్లో రాజు ఖజానా చూసే రిచర్డ్ ఫిట్జ్‌నైజెల్, పెళ్లిళ్లతో రెండు జాతులూ ఎంత కలిసిపోయాయంటే ఎవరు ఎవరో చెప్పడం కష్టం అని రాశాడు. మధ్యలో ఏం జరిగినట్టు? ఆ దొరల ఇళ్లలో ఏం మాట్లాడుకునేవారు, పిల్లల్ని ఎలా పెంచేవారు?

పాతరాతల పిచ్చి:
ఇళ్ల సంగతి అడిగారు కాబట్టి ఆర్డెరిక్ విటాలిస్ అనే చరిత్రకారుడైన సన్యాసితో మొదలుపెడతాను. 1075లో ష్రూస్‌బరీ దగ్గర పుట్టాడు. తండ్రి ఓర్లియన్స్ నుంచి వచ్చిన ఫాదర్, రోజర్ మోంట్‌గోమరీ అనే మహా పెద్ద దొర కొలువులో పనిచేసేవాడు. (చర్చి ఫాదర్‌కి పిల్లలేంటి అనకండి, అప్పటికి అది విడ్డూరం కాదు.) తల్లి ఇంగ్లీషు ఆవిడ. అయిదో ఏట చదువుకి వేసింది సివార్డ్ అనే ఫాదర్ దగ్గర. ఆ పేరు వింటేనే తెలుస్తుంది, ఫ్రెంచివాడు కాదు.

పదేళ్లప్పుడు తండ్రి వాణ్ణి నార్మండీలోని సెయింట్ ఎవ్రూల్ మఠానికి పంపేశాడు. మళ్లీ తండ్రీకొడుకులు కలుసుకోలేదు. బైబిల్లో ఈజిప్టుకు చేరిన యోసేపులాగా నాకు తెలియని భాష విన్నాను అని ముసలితనంలో తనే రాసుకున్నాడు. తండ్రి ఫ్రాన్సు మనిషి, ఆయన కొలువేమో నార్మన్ దొర దగ్గర, అయినా పిల్లాడికి పదేళ్లు వచ్చినా ఫ్రెంచ్ రాదు! తల్లి వల్లో, ఇంట్లో పనివాళ్ల వల్లో, చుట్టుపక్కల వాళ్ల వల్లో, వాడికి వచ్చింది ఇంగ్లీషే. అక్కడి సన్యాసులకు ఆర్డెరిక్ అనే పేరు మొరటుగా వినిపించి విటాలిస్ అని మార్చారు. జీవితమంతా నార్మండీలోనే గడిపినా తన పేరు పక్కన 'ఇంగ్లండులో పుట్టినవాడు' అని రాసుకోవడం మానలేదు. నా దృష్టిలో మీ ప్రశ్నకి సగం జవాబు ఈ ఒక్క మనిషే.

కోటబురుజు:
కాస్త ఆగండి. ఆర్డెరిక్ దొరబిడ్డ కాదు, దొర కొలువులో ఉన్నవాడి బిడ్డ. అసలు బారన్లు, అంటే పెద్ద దొరలు, ఇంగ్లీషు ఆడవాళ్లను పెళ్లాడటం అంత ఎక్కువేం కాదు, వాళ్లలో వాళ్లే సంబంధాలు కలుపుకున్నారు. కలిసిపోవడం కింది స్థాయిలో జరిగింది. పైన ఎగతాళే. 1100లో విలియం కొడుకు, రాజు హెన్రీ 1, నార్మన్లకు ముందు ఇంగ్లండును ఏలిన వెస్సెక్స్ రాజవంశపు పిల్ల ఈడిత్‌ను చేసుకుంటే ఆమె పేరు మటిల్డా అయింది. అయినా ఆస్థానంలో కొందరు ఆ దంపతుల్ని గోడ్రిక్, గోడ్‌గిఫూ అని పిలిచి నవ్వుకున్నారు. పల్లెటూరి ఇంగ్లీషు పేర్లన్నమాట. పేర్ల ప్రవాహం కూడా పైనుంచి కిందికే. కొన్ని తరాల్లో రైతుల పిల్లలు కూడా విలియం, రాబర్ట్, రిచర్డ్ అయ్యారు గానీ, దొరలెవరూ కొడుక్కి గోడ్రిక్ అని పెట్టుకోలేదు.

ఇంకోటి. ఫిట్జ్‌నైజెల్ మాట ఎక్కడ వస్తుందో చూడండి. మర్డ్రమ్ అనే జరిమానా గురించి చెబుతూ అన్నాడు. ఎవరైనా హత్యకు గురై, చంపినవాడు దొరక్కపోతే, చచ్చింది ఇంగ్లీషువాడేనని రుజువు చేయలేని ఏరియా మొత్తం డబ్బు కట్టాలి. నార్మన్లను చాటుగా చంపుతున్నారని పెట్టిన రూలు అది. పైగా ఆయన కలిసిపోయారన్నది స్వతంత్రుల గురించే, భూమికి కట్టుబడిన రైతుల్ని లెక్కలోంచి తీసేశాడు. ఇక లింకన్‌లో కోట కోసం 166 ఇళ్లు పోయాయని డూమ్స్‌డేలోనే ఉంది. ఆ ఇళ్లవాళ్లను అడిగితే వేరే చరిత్ర చెప్పేవారు.

సందేహాల సంచి:
జరిమానా విషయం తెలియదు, థాంక్స్ అండీ. అయితే పేర్లూ భాషా ఫ్రెంచివే అయినప్పుడు, తాము ఇంగ్లీషువాళ్లమని దొరలకు ఎందుకు అనిపించాలి?

పాతరాతల పిచ్చి:
కోటబురుజు గారు చెప్పింది ఒప్పుకుంటాను, పెళ్లిళ్ల ఒక్కదానితో తేలే లెక్క కాదిది. భాష మారకుండానే ఆ నేల పాత కథలన్నీ తమవి చేసుకున్నారు.

1137 ప్రాంతంలో లింకన్‌షైర్‌లో రాల్ఫ్ ఫిట్జ్‌గిల్బర్ట్ అనే దొర భార్య కాన్‌స్టన్స్, గైమార్ అనే కవిచేత ఇంగ్లీషు రాజుల చరిత్ర ఫ్రెంచ్ పద్యాల్లో రాయించింది. దానికి కావాల్సిన ఒక పుస్తకం ఎలా వచ్చిందో గైమారే చెప్పాడు: గ్లోస్టర్ ఎర్ల్ రాబర్ట్ దగ్గరిది హెల్మ్‌స్లీ దొర వాల్టర్ ఎస్పెక్ తెప్పించుకున్నాడు, అతని దగ్గర రాల్ఫ్ అరువు తెచ్చాడు, మొగుడి దగ్గర ఈవిడ తీసుకుంది. హెన్రీ 1 మీద ఇంకెవరో కట్టిన కావ్యానికి ఒక వెండి మార్కు (అప్పటి డబ్బు లెక్క) ఇచ్చి నకలు రాయించుకుని, తన గదిలో కూర్చుని చదువుకునేదట.

గైమార్ పుస్తకానికి ఆధారం ఇంగ్లీషులో ఏటికేడు రాసుకుంటూ వచ్చిన చరిత్ర, ఆంగ్లో-శాక్సన్ క్రానికల్. అందులో హెరెవార్డ్ వీరుడు! విలియం మీద తిరగబడ్డ హెరెవార్డ్. తాతల కాలంలో కొంపలు తగలబెట్టిన తిరుగుబాటుదారుణ్ణి మనవల తరం తమ ప్రాంతపు వీరుడిగా చెప్పించుకుని వింటోంది, అదీ ఫ్రెంచిలో. నాకైతే మటిల్డా పెళ్లి కంటే ఇదే పెద్ద మార్పు.

కోటబురుజు:
ఇది బాగుంది. అయినా రెండు పడవల ప్రయాణం 1204 దాకా సాగింది. ఆ ఏడు ఫ్రాన్సు రాజు ఫిలిప్ అగస్టస్ నార్మండీ లాక్కున్నాక, ఇంగ్లండులోనూ నార్మండీలోనూ భూములున్న చాలామందికి ఒకవైపు వదులుకోక తప్పలేదు.