‘ల్యాండింగ్ పేజీ’ని తెలుగులో ఏమందాం?

బరంపురం నుంచి: పట్టుచీరల దుకాణంలో ఆన్‌లైన్ పనులు చూస్తాను. ల్యాండింగ్ పేజీ ఒకటి చేయించాలని మా ఓనరు గారితో అంటే, "మెట్ల మధ్య మేస్త్రీ పోసే ల్యాండింగ్ తెలుసు, ఇదేంటమ్మా?" అన్నారు. మంచి తెలుగు మాట చెప్పండి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి వినగానే తెలియాలి.

రాయగడ నుంచి: ‘అవతరణ పుట’ బాగుంటుంది తల్లీ.

జయపురం నుంచి: మాస్టారూ, అవతరణ అంటే మావైపు దశావతారాలు చదవడానికి కూర్చుంటారు. దిగుడుబావి ఉంది కదా, ‘దిగుడు పేజీ’ అంటే?

పర్లాకిమిడి నుంచి: వ్యాపారంలో ‘దిగుడు’ ఎవరికి నచ్చుతుందన్నా? అక్కా, ఆ పేజీ ఏం పని చేస్తుందో ముందు చెప్పండి, మాట తర్వాత వెతుక్కుందాం. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మాది, పుస్తకాల మాటకి తొందరగా లొంగం.

బరంపురం నుంచి: సరే తమ్ముడూ. పండగ ముందు కుంభం అంచు చీర ఫొటోతో ఒక ప్రకటన వేశాం. దాన్ని నొక్కితే మా సైటు మొదటి పేజీ తెరుచుకునేలా పెట్టాను, తప్పు నాదే. ఇచ్ఛాపురం నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "ఏటమ్మా, కుంభం అంచు చూపించి లోపలికి పిలిచారు, ఇక్కడ చూస్తే నైటీలున్నాయి" అంది. హోమ్ పేజీ మొత్తం దుకాణం, ఏ వైపుకైనా పోవచ్చు. ల్యాండింగ్ పేజీలో అలా కాదు. ప్రకటనలో చూసిన చీరే ఉండాలి, ధర ఉండాలి, వాట్సాప్ బటన్ ఒకటి ఉండాలి. పక్కకి పోయే దారులు ఎంత తగ్గిస్తే అంత మంచిది. 100 మంది దిగి నలుగురు చీర కొంటే కన్వర్షన్ రేటు 4 శాతం అంటాం. గూగుల్ యాడ్స్‌లో మన ప్రకటన ఎంత బాగుందో 10కి మార్కులు వేస్తారు, దాన్నే క్వాలిటీ స్కోరు అంటారు. అది మూడు సంగతులు చూస్తుంది, అందులో ఒకటి ఈ పేజీ.

మాకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినవాళ్ళు ఇక్కడ చాలామంది. ప్రకటన తెలుగు వీడియో అయితే మాట అర్థమై నొక్కుతారు, పేజీ నిండా తెలుగు అక్షరాలుంటే చదవలేరు. అందుకే రాత తగ్గించి ఫోన్ గుర్తు పెద్దది చేశాను.

పర్లాకిమిడి నుంచి: అయితే ఇది ‘రేవు’ అక్కా! పడవ ఎక్కడెక్కడో తిరగదు, మనిషిని ఒకచోట దింపుతుంది. దిగినవాడు ఒడ్డెక్కితే మీకు బేరం. ఒడియా వాళ్ళకి ‘ఘాటొ’ అంటే సరిపోతుంది.

రాయగడ నుంచి: చాకిరేవు గుర్తొస్తుందేమో బాబూ.

పర్లాకిమిడి నుంచి: చాకిరేవుకి కూడా జనం పని ఉండే వెళ్తారు కదా మాస్టారూ! బరంపురం పక్కనే గోపాలపూర్ రేవుంది. మన పాతవాళ్ళు రంగం, అదే బర్మాలోని రంగూన్, వెళ్ళే ఓడలు ఎక్కింది అక్కడే.

జయపురం నుంచి: రేవుకి నా ఓటు. కానీ ఏజెన్సీ వాళ్ళకి ‘రేవు చెయ్యండి’ అని పంపితే బిల్లు ఏ పేరుతో వేస్తారో!

బరంపురం నుంచి: ఏజెన్సీతో ల్యాండింగ్ పేజీ అనే అంటానన్నా, ఆ పని నేర్చుకున్నవాళ్ళకి అదే మాట. దుకాణంలో మాత్రం రేవు. నిన్న కొత్త పేజీకి ‘కుంభం రేవు’ అని పేరు పెట్టి ఓనరు గారికి చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసి, "చీరలతో పాటు పడవలు కూడా అమ్ముతున్నామా?" అన్నారు. విషయం అర్థమయ్యాక, సంబల్‌పురి చీరలకి కూడా ఒక రేవు కట్టమన్నారు.