అప్‌డేట్: డ్యాన్స్ ప్యాడ్‌లో ఎడమ బాణం సెట్ అయింది

పోయిన వారం అడిగా కదా, స్టెప్‌మేనియా (పాటకి తగ్గట్టు కాళ్లతో బాణాలు తొక్కే కంప్యూటర్ గేమ్) ఆడటానికి ప్లైవుడ్‌తో చేసిన ప్యాడ్‌లో ఎడమ బాణం తొక్కి కాలు తీసేసినా నొక్కే ఉన్నట్టు చూపిస్తోందని. మొత్తానికి దొరికింది అండీ! ప్యానెల్ విప్పి చూస్తే లోపల అతికించిన అల్యూమినియం ఫాయిల్ తొక్కితొక్కి ముడతలు పడిపోయి, ఒక ముడత గోరంత పైకి లేచి పై ఫాయిల్‌కి తగులుతూనే ఉంది (ఆ రెండూ తగిలితే నొక్కినట్టే లెక్క), మధ్యలో పెట్టిన ఫోమ్ కూడా అణిగిపోయి మళ్లీ పైకి లేవట్లేదు.

ఫాయిల్ మొత్తం పీకేసి పలచటి అల్యూమినియం రేకు వేశా, ఫోమ్ టేప్ అంచుల్లోనే రెండు పొరలు వేసి మధ్యలో ఖాళీ వదిలేశా. వైర్ సోల్డర్ చేద్దామని (లోహాన్ని కరిగించి అతికిద్దామని) చాలాసేపు తిప్పలు పడ్డా కానీ అల్యూమినియానికి మామూలు సోల్డర్ పట్టదు, అందుకే మూలలో చిన్న రంధ్రం చేసి వైర్‌ని బోల్టు, నట్టుతో బిగించేశా, ఇప్పుడు ఎంత గట్టిగా గెంతినా ఊడట్లేదు.

ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఒక్క అడుగుకి రెండుసార్లు నొక్కినట్టు పడేది, గేమ్ సెట్టింగ్స్‌లో డిబౌన్స్ టైమ్ (వెంటవెంటనే వచ్చే రెండో నొక్కుని పట్టించుకోకుండా ఉండే సమయం) కొంచెం పెంచితే అదీ తగ్గింది. ముందు వైర్లు కాదు, ఫాయిల్ చూడమన్నవాళ్లకి చాలా చాలా థ్యాంక్స్, నిన్న రాత్రి మొదటిసారి ఒక పాట మొత్తం ఒక్క మిస్ లేకుండా ఆడేశా!