అప్‌డేట్: లైఫ్‌బోట్‌కి తెలుగు మాట కుదిరిందండీ

మా పాప టైటానిక్ ప్రాజెక్టు కోసం లైఫ్‌బోట్‌ని తెలుగులో ఏమనాలని పోయిన వారం అడిగాను. ‘ప్రాణరక్షక పడవ’ అని కొందరు, ‘తెప్ప’ అని కొందరు చెప్పారు. అందరికీ ధన్యవాదాలు.

తెప్ప మాత్రం కుదరలేదు. దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో బిగిస్తే తెప్ప. సందుల్లోంచి నీళ్లు పైకొస్తూనే ఉంటాయి. లైఫ్‌ర్యాఫ్ట్‌కైతే ఆ మాట సరిపోతుందేమో. లైఫ్‌బోట్ అలా కాదు, ఓడ పక్కన వేలాడదీసి, ఆపదలో జనంతో సహా కిందికి దించే అసలైన పడవ. 1912లో టైటానిక్ మీద మడత పడవలతో కలిపి 20 ఉన్నాయి. వాటిలో పట్టేది 1,178 మందే. ఓడలో ఉన్నది 2,200 మందికి పైనే. ఆ లెక్క రాశాక పాప చాలాసేపు పెన్ను కదపలేదు.

ఆదివారం సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు (మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే బల్లకట్టు లాంటి పడవ) ఎక్కి, దాన్ని నడిపే సరంగునే అడిగాను.

"బాబాయ్, మునిగేవాళ్లని కాపాడే పడవని ఏమంటారు?"

"ఏది ముందొస్తే అదేనమ్మా. నాటు పడవైనా, ఇంజన్ బోటైనా" అన్నాడు, గుంజకి తాడు చుడుతూ.

చార్టులో ‘ప్రాణరక్షక పడవ’ అనే రాయించాను. దాని కింద పాప దోనె, లాంచీ, పంటు బొమ్మలు వేసింది, పంటు మీద బైకులతో సహా.