రైతుకు మాఫీ చేసినప్పుడు చదువు అప్పు ఎందుకు మాఫీ చేయరు?

నిరుద్యోగి_బీటెక్:
తెలంగాణలో 2024లో రెండు లక్షల లోపు పంట రుణాలు మాఫీ చేశారు. 20 వేల కోట్లకు పైగా ఖర్చయింది. సంతోషమే, మా నాన్నకూ వర్తించింది. మరి అదే ఇంట్లో కొడుకు పేరు మీదున్న చదువు అప్పు సంగతేంటి? బీటెక్ అయిపోయింది, ఉద్యోగం లేదు, కిస్తీలు కట్టక్కర్లేని మారటోరియం గడువు దాటింది. బ్యాంకు వాళ్లు నాకు కాదు, నాన్నకు ఫోన్ చేస్తున్నారు. కార్పొరేట్లకు లక్షల కోట్లు మాఫీ చేసేవాళ్లకు మా నాలుగైదు లక్షలే బరువయ్యాయా?

రిటైర్డ్_మేనేజర్:
బాబూ, నీ బాధ అర్థమైంది కానీ ఒక మాట సరిచేయాలి. కార్పొరేట్లకు చేసింది మాఫీ కాదు, రైటాఫ్. అంటే మొండి బాకీని బ్యాలెన్స్ షీట్‌లోంచి తీసేస్తారు. అప్పు అలాగే ఉంటుంది, వసూలు కేసులు నడుస్తూనే ఉంటాయి. పంట రుణాల మాఫీలో ప్రభుత్వమే బ్యాంకుకు డబ్బు కడుతుంది, రైతు బాకీ తీరిపోతుంది. రెండూ ఒకటి కావు. ముందు ఇది తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది.

కృష్ణా_తీరం:
రైటాఫ్ చేసినదాంట్లో తిరిగి వచ్చేది ఎంతో కూడా చెప్పండి సార్.

రిటైర్డ్_మేనేజర్:
అది వేరే ప్రశ్న. నేను చెప్పింది పదాల గురించి కాదు, లెక్క ఎవరి ఖాతాలో పడుతుందన్న దాని గురించి.

ఎకరం_అమ్మినోడు:
నేను సూటిగా చెప్తా. మా నాన్న ఎకరం అమ్మి నా ఫీజు కట్టాడు. అప్పు ఎందుకు నాన్నా, తీర్చలేకపోతే పరువు పోతుందన్నాడు. ఆ ఎకరం ఇప్పుడు ఎవరో వెంచర్ వేసి ప్లాట్లు అమ్ముకుంటున్నారు. ఊరికి వెళ్లినప్పుడల్లా ఆ రాళ్లు చూస్తూ పోవాలి. ఇప్పుడు అప్పు తీసుకుని కట్టనివాళ్లకు ప్రభుత్వం కడితే, అప్పు చేయకుండా ఆస్తి అమ్ముకున్నవాళ్లం వెర్రివాళ్లమా? మాఫీ చేస్తే మా ఎకరం కూడా ఇప్పించండి.

నిరుద్యోగి_బీటెక్:
అన్నా, మీకు అమ్ముకోవడానికి ఎకరం ఉంది. పైగా మీకు ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు.

ఎకరం_అమ్మినోడు:
ఉద్యోగం ఆకాశం నుంచి ఊడిపడలేదు తమ్ముడూ. రెండేళ్లు అమీర్‌పేట హాస్టల్‌లో పడి ఉన్నా.

కృష్ణా_తీరం:
అమీర్‌పేట హాస్టల్ పప్పు తిన్నవాడు దేనికైనా తట్టుకుంటాడు 😀

రిటైర్డ్_మేనేజర్:
లెక్క చెప్తాను, ఓపికగా చదవండి. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లలో నాలుగు లక్షలు తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10 శాతం. కోర్సు కాలం, ఆపైన ఏడాది మారటోరియం. ఈ కాలంలో సాధారణ వడ్డీయే పడుతుంది. మొదటి లక్షకు ఐదేళ్లు, తర్వాతవాటికి నాలుగు, మూడు, రెండేళ్లు. మొత్తం 1.4 లక్షలు. అంటే కిస్తీలు మొదలయ్యేనాటికి బాకీ 5.4 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 7,100 చిల్లర. చదువుతున్నప్పుడే నెలనెలా ఆ వడ్డీ కట్టుకుంటూ వస్తే ఇంత పెరగదు. ఈ మాట అప్పు ఇచ్చే రోజే చెప్పేవాణ్ణి, సంతకాల తొందరలో ఎవరూ వినేవారు కాదు.

ఇక కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపింది. ఏడేళ్లకు 3,600 కోట్లు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ. ప్రభుత్వం ఏమీ చేయట్లేదని అనలేం.

నిరుద్యోగి_బీటెక్:
చదివాను సార్. మొదలుపెట్టినప్పుడు 860 సంస్థలకే. దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష మందికే రాయితీ. ఆ జాబితాలో ఉన్న కాలేజీలో చదివినవాడికి క్యాంపస్‌లోనే ఉద్యోగం వస్తుంది. వాడికి రాయితీ, నాకు రికవరీ ఏజెంటు!

పాలమూరు_అమ్మాయి:
ఇందాకటి నుంచి చదువుతున్నా. మీరందరూ బ్యాంకు అప్పు గురించే మాట్లాడుతున్నారు. బ్యాంకు మాకు అప్పే ఇవ్వలేదు. నాలుగు లక్షల లోపు ష్యూరిటీ అక్కర్లేదని రూలు ఉంది, నాకూ తెలుసు. అమ్మ సహ దరఖాస్తుదారు అన్నారు. ఆమె మహిళా సంఘంలో తీసుకున్న అప్పు చూశారు, కూలి పని అని రాసుకున్నారు, మళ్లీ రమ్మన్నారు. ఎన్నిసార్లు వెళ్లినా మేనేజరు మీటింగులోనే.

ప్రభుత్వమే ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ పథకం ఉంది కదా అని చేరాను. కోర్సు పూర్తయింది, ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదు. కాలేజీ వాళ్లు బాకీ కడితేనే టీసీ, ఒరిజినల్స్ ఇస్తామన్నారు. కౌంటర్‌లో అమ్మాయి నా ఫైలు తీసింది, నా మెమోలు కనిపిస్తున్నాయి, వాటి మీద చేయి పెట్టుకునే మాట్లాడింది. అటు కంపెనీ వాళ్లు ఒరిజినల్స్ లేకుండా జాయినింగ్ కుదరదన్నారు. అమ్మ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. అప్పటికే జాయినింగ్ తేదీ దాటిపోయింది.

విద్యా రుణాల మాఫీ వస్తే ఈ మూడు రూపాయల వడ్డీ అప్పు అందులోకి వస్తుందా? రాదు. బ్యాంకు దాకా వెళ్లగలిగినవాళ్లకే మాఫీ, మిగిలినవాళ్లకు వడ్డీ వ్యాపారి.

కృష్ణా_తీరం:
మా ఏపీలో 2021లో విద్యాదీవెన, అంటే ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బే, తల్లుల ఖాతాల్లో వేశారు. ఇంట్లో అవసరానికి వాడుకున్నారని కాలేజీలు గోల. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే అన్నారు. ఎవరి ఖాతా అయినా, ఆలస్యమైతే ఆగేది సర్టిఫికెట్టే.

నిరుద్యోగి_బీటెక్:
అక్కా, మీకు కనీసం రీయింబర్స్‌మెంట్ అనేది ఒకటి ఉంది. మాకు అదీ లేదు. బీ కేటగిరీ సీటు అని పైసా ఇవ్వలేదు.

ఎకరం_అమ్మినోడు:
ఆగాగు. బీ కేటగిరీయా? మేనేజ్‌మెంట్ కోటాలో కొనుక్కున్న సీటుకు జనం పన్నులతో అప్పు తీర్చాలా? ఈ ముక్క మొదటి పోస్టులో ఎందుకు రాయలేదు?

నిరుద్యోగి_బీటెక్:
కొనుక్కున్నామా? మాటలు జాగ్రత్త. ర్యాంకు పదివేలు దాటితే చదువుకోకూడదా? ఎకరం అమ్మితే త్యాగం, అప్పు చేస్తే దొంగతనమా?

ఎకరం_అమ్మినోడు:
పంట రుణం మాఫీ మీ ఇంటికే, చదువు అప్పు మాఫీ మీ ఇంటికే. ఇంకేం కావాలి? కిరాణా బాకీ?

మోడరేటర్:
కులం ప్రస్తావనతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. ఇంకోసారి అయితే థ్రెడ్ మూసేస్తాం.

గెస్ట్_లెక్చరర్:
గొడవ చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. పైన చెప్పిన డబ్బులన్నీ ఒకసారి చూడండి. ఒకరి ఎకరం, ఒకరి బ్యాంకు లోను, ఒకరి మూడు రూపాయల అప్పు, ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్. నాలుగూ చేరింది ప్రైవేటు కాలేజీ గేటులోకే. మీలో ఎవరూ ఆ కాలేజీ ఫీజు అంత ఎందుకని అడగలేదు.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 ప్రాంతంలో రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, ఆ తర్వాత ఈబీసీలకు విస్తరించింది. లక్షల మంది ఇళ్లలో మొదటి ఇంజినీరు దాని వల్లే వచ్చాడు, కాదనను. కానీ ఆ డబ్బుతో కాలేజీలు పుట్టుకొచ్చాయి, ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోస్టులు ఖాళీగా ఉండిపోయాయి. నేను పీహెచ్‌డీ చేసి పీరియడ్ లెక్కన జీతం తీసుకుంటున్నా, అదీ నెలలు ఆగి వస్తుంది. మాఫీకి ఇచ్చే వేల కోట్లు మళ్లీ బ్యాంకు ద్వారా అటే పోతాయి. ఆ డబ్బు ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు పెంచడానికి పెట్టండి. మాఫీ వద్దు, రీయింబర్స్‌మెంట్ కూడా మెల్లగా తగ్గించాలి.

పాలమూరు_అమ్మాయి:
ఫీజు అంత ఎందుకన్నది అసలు మాట. ఇంతసేపూ ఎవరూ అనలేదు. కానీ రీయింబర్స్‌మెంట్ తగ్గించాలా సార్? ఇప్పటికే తెలంగాణలో బీసీ పిల్లలకు ర్యాంకు పదివేలు దాటితే 35 వేలే ఇస్తారు. లక్ష ఫీజున్న కాలేజీలో మిగతా 65 వేలు ఇంట్లోంచే. ఆ 35 వేలూ సమయానికి రాక, 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. ఆ రోజుల్లో పరీక్షలు రాయలేక టెన్షన్ పడింది యాజమాన్యాలు కాదు.

గెస్ట్_లెక్చరర్:
అందుకే అంటున్నానమ్మా. బకాయి పెట్టే పథకం మీద ఆధారపడితే ఎప్పుడూ కౌంటర్ ముందు నిలబడాల్సిందే. సొంత కాలేజీ ఉంటే టీసీ ఆపేవాడే ఉండడు.

రిటైర్డ్_మేనేజర్:
గెస్ట్ లెక్చరర్ గారూ, మాఫీ డబ్బు ‘అటే పోతుంది’ అన్నారు. కాలేజీకి ఫీజు ఎప్పుడో అందింది. మాఫీ సొమ్ము బ్యాంకు దగ్గరే ఆగుతుంది. చిన్న సవరణ.

కృష్ణా_తీరం:
సార్, దండం.

పాలమూరు_అమ్మాయి:
లెక్చరర్ సార్, మీరు చెప్పే కాలేజీ కట్టాలి, పోస్టులు నింపాలి, కోర్టు కేసులు తేలాలి. మా తమ్ముడికి ఈ ఏడు కౌన్సెలింగ్. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఇంకా వారమే ఉంది. దగ్గర్లో ప్రభుత్వ కాలేజీలో కంప్యూటర్స్ సీటు వాడి ర్యాంకుకు రాదు. ఏ కాలేజీ పెట్టమంటారో చెప్పండి, అదే పెడతాను.

ఎకరం_అమ్మినోడు:
ర్యాంకెంత? డీఎం చెయ్యమ్మా. టీసీ ఆపని కాలేజీ ఒకటి తెలుసు, మా చెల్లి అక్కడే చదివింది.

నిరుద్యోగి_బీటెక్:
నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.